మెయిను తీశాను

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు మా బావమరిది తొట్టి గట్టు మీద బోర్లా పడుకొని, రెండు చేతులూ మోచేతుల పైదాకా ఉప్పునీళ్ళలో పెట్టి ఉన్నాడు. అదే నిమిషంలో నేను ఆఫీసు గదిలో ఫ్యాను కింద కూర్చొని, అతని చేతులకు ఏ ప్రమాదమూ లేదని ఫోనులో రాసి, రాసింది బాగా కుదిరిందని రెండోసారి చదువుకుంటున్నాను.

అతని చేతులు అతనికి మిగిలాయి. అందులో నా గొప్ప ఏమీ లేదు. పోబోయింది ఇంకొక మనిషి ఉద్యోగం. పోగొట్టబోయింది నేను. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభయ్యో ఏట. ఇందులో వత్తులన్నీ సరిగ్గా ఉంటే అది మా ఆఫీసు అమ్మాయి దిద్దడం వల్ల. గుణింతాలు మాత్రం నావే.

మాది ఐస్ ఫ్యాక్టరీ. విజయవాడ నుంచి బందరు వైపు వెళ్ళే దారిలో కాలవ పక్కన ఉంది. చేపల లారీలూ రొయ్యల లారీలూ మా దగ్గరే ఆగి మంచు నింపుకొని పోతాయి. లోపల ఇల్లంత తొట్టి, దాని నిండా ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు ఎంత చల్లబడినా తొందరగా గడ్డకట్టవు. వాటిలోకి మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు దించితే, డబ్బాల్లో నీళ్ళు దిమ్మలవుతాయి. ఉప్పునీళ్ళు ఒకచోట నిలవకుండా తిప్పడానికి ఒక మోటారుకు ఇనుప రెక్కలు ఉంటాయి. మేం దాన్ని ‘రెక్క’ అంటాం. చల్లదనం పుట్టించేది అమ్మోనియా. అది గొట్టాల్లో ఉన్నంతసేపు అందరికీ అన్నం పెడుతుంది. బయటికి వచ్చిందా, కళ్ళు తెరవనివ్వదు.

పద్దెనిమిదో ఏట దిమ్మలు లాగే పనిలో చేరాను. కంప్రెసర్ చప్పుడు వింటే దానికి ఏం జబ్బో చెప్పగలిగేవాణ్ణి. మా పాత యజమాని అది చూసి ముచ్చటపడి నన్ను మేనేజర్ని చేశారు. చేసిన రోజున రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. వేలిముద్ర వేశాను. ఆయన నవ్వలేదు గానీ, ఇంకు తుడుచుకోమని తన రుమాలు ఇచ్చారు. ఆ రుమాలు ఇచ్చిన తీరు నాకు నచ్చలేదు.

చర్చిలో కూడా అదే తంతు. నన్ను సంఘపెద్దల్లో ఒకణ్ణి చేశారు. పెద్ద అన్నాక వంతు వచ్చినప్పుడు వాక్యం చదవాలి. నా వంతు వచ్చినప్పుడల్లా కళ్ళజోడు మర్చిపోయాననేవాణ్ణి. అలా నాలుగేళ్ళు గడిపాను. ఒక ఆదివారం పాస్టరు గారి భార్య నన్ను ఆపి, “వచ్చే వారం కళ్ళజోడు నేను తెప్పిస్తానండి, మీరు మనిషి వస్తే చాలు” అన్నారు. తెప్పించలేదు. నన్ను సండేస్కూలు పిల్లల వెనక చాప మీద కూర్చోబెట్టి ‘అ’ దిద్దించారు. ముందు వరసలో పిల్లలు మాటిమాటికీ వెనక్కి తిరిగి నా పలక చూసేవాళ్ళు.

అక్షరాలు వచ్చాయి. గుణింతాలు వచ్చాయి. వత్తులు మొదలుపెట్టే వేళకి ఎండలు ముదిరాయి. ఎండాకాలం మాకు సీజను. చాప మీద కూర్చోవడం కుదరక మానేశాను. వానలు పడ్డాక వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. మనిషికి సగం చదువు వస్తే మిగతా సగం అక్కర్లేదనిపిస్తుంది.

అప్పటినుంచి వత్తులున్న మాటల్ని చదివేటప్పుడు ఊహించుకొని గట్టెక్కేవాణ్ణి. రాసేటప్పుడు వాటి పక్కకే పోయేవాణ్ణి కాదు. ‘కంప్రెసర్ నిలిచింది’ అనాల్సిన చోట ‘మిషను ఆగింది’ అని రాసేవాణ్ణి. ‘మంచు ఎక్కించాం’ అనడానికి ‘లారీ కదిలింది’. నా దేవుడి పేరు యేసు అని కూడా ఉండబట్టి బతికిపోయాను, ఒక్క క్రీస్తు అనే ఉండి ఉంటే రాయగలిగేవాణ్ణి కాదు. ఇలా పద్దెనిమిదేళ్ళు వత్తుల్లేకుండా లాక్కొచ్చాను. ఈ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను.

పాత యజమాని పోయాక ఆయన కూతురు చూసుకుంటున్నారు. నన్ను చిన్నప్పటినుంచి బాబాయ్ అనే పిలుస్తారు. ఒకరోజు ఆవిడ, “బాబాయ్, గవర్నర్‌పేటలో మేనేజర్లకి ట్రైనింగు పెట్టారు. పొద్దున సేఫ్టీ, మధ్యాహ్నం క్లౌడు. మీరు వెళ్ళి రండి” అన్నారు.

“క్లౌడంటే ఏందమ్మా?”

“అది వాళ్ళే చెప్తారు.”

ఆవిడకీ పెద్దగా తెలియదని అప్పుడే అర్థమైంది.

ఒక లాడ్జి మేడ మీద మీటింగు హాలు. రైసు మిల్లుల వాళ్ళు, కోల్డ్ స్టోరేజీల వాళ్ళు, నూనె మిల్లుల వాళ్ళు కలిపి ముప్పై మంది దాకా వచ్చారు. అందరిలో ముసలివాణ్ణి నేనే. పొద్దున చెప్పినాయన ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. గొంతు బొంగురు. మిషను బాగుచేసేముందు కరెంటు ఆపి, స్విచ్చికి తాళం వేసి, ఆ తాళంచెవి బాగుచేసేవాడి జేబులోనే ఉండాలన్నారు. మేనేజరు జేబులో కాదు, యజమాని జేబులో కాదు, ఎవడి చెయ్యి లోపల ఉందో వాడి జేబులో.

నాకు అది నచ్చలేదు. లేచి నిలబడ్డాను. “మా దగ్గర అందరూ నాకు చెప్పే చేస్తారండి. తాళాలు అక్కర్లేదు.”

“మంచిదండి. మరి మీరు దొడ్డికెళ్ళినప్పుడో?”

హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న నూనె మిల్లాయన అందరికన్నా ఎక్కువ నవ్వాడు. నేను కూర్చున్నాను. ఆ తర్వాత ఆయన చెప్పినదాంట్లో సగం వినలేదు. కోపంలో ఉన్నవాడికి చెవులు పనిచేయవు.

భోజనంలో బిర్యానీ పెట్టారు. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను. తర్వాత క్లౌడు గురించి చెప్పడానికి ఒక అమ్మాయి వచ్చింది. క్లౌడంటే ఆకాశంలో మబ్బు కాదండీ అంటూ మొదలుపెట్టింది. అది ఎక్కడో పెద్ద గదుల్లో ఉండే ఇంకొకళ్ళ కంప్యూటర్లేనట. మన కాగితాలు వాటిలో దాచుకుంటాం, మన ఫోను నీళ్ళలో పడినా అవి పోవు. “ఇంట్లో ఐసు ఎవరూ దిమ్మలు దిమ్మలుగా తయారుచేసుకోరు కదండి. పెళ్ళయితే ఐస్ ఫ్యాక్టరీ నుంచి కావలసినంత తెచ్చుకుంటాం. ఇదీ అంతే. ఎంత వాడితే అంత.”

ఐస్ ఫ్యాక్టరీ పేరు వినగానే నేను చుట్టూ చూశాను. అంటే క్లౌడంటే మా వ్యాపారమే అన్నమాట. ఆ సంతోషంలో, ఆ బిర్యానీలో, ఆ ఏసీలో నాకు కన్ను అంటుకుంది. లేచేసరికి ఆవిడ థాంక్యూ అంటోంది. మధ్యలో ఏం చెప్పిందో నాకు తెలియదు. నా కొంప ముంచింది ఆ మధ్యలోదే.

తిరిగొచ్చి ఫ్యాక్టరీలో పెద్ద సంస్కర్తనయ్యాను. మా ఆఫీసు అమ్మాయి ఫోనుల్లో ఒక షీటు తయారుచేసింది. ఎవరు ఏ మిషను ఆపినా, నడిపినా అందులో రాయాలి. అందరూ తమ ఫోనులోనే చూసుకోవచ్చు. నేను అందర్నీ నిలబెట్టి, “ఇకమీదట ఎవరూ నా దగ్గరకొచ్చి అడగనక్కర్లేదు. లోపలికెళ్ళి చూడనూ అక్కర్లేదు. ఫోను చూడండి, ఫోనులో ఏముంటే అది” అన్నాను. ఆ గొంతు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, ఫ్యాక్టరీలో కరెంటు పనీ ఫిట్టరు పనీ రెండూ చేస్తాడు. అతనికో అలవాటుంది. ఏ మోటారు మీద చెయ్యి వేయాలన్నా ముందు దాని ఫ్యూజులు మూడూ పీకి ప్యాంటు జేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా జేబు బరువుగా వేలాడుతూ ఉంటుంది. ఆ ఫ్యూజులకి జేబులు చిరుగుతాయని మా ఆవిడ కుట్టి కుట్టి విసిగిపోయింది.

“ఇక ఆ జేబులో సంత మానేయరా” అన్నాను. “ఇప్పుడంతా క్లౌడు.”

“క్లౌడు నా చెయ్యి పట్టుకుంటుందా బావా?”

“నేను రాస్తాను కదా.”

“నువ్వు రాస్తావనే.”

“అంటే?”

“ఏం లేదు. అక్క చేపల పులుసు చేసిందంటగా, సాయంత్రం వస్తా.”

మాట తప్పించాడని అర్థమైంది, ఎందుకు తప్పించాడో కాలేదు. గవర్నర్‌పేటలో ఆ బొంగురు గొంతాయన చెప్పిన తాళంచెవీ, మావాడి జేబులో ఫ్యూజులూ ఒకటేనని కూడా నాకు తట్టలేదు. అదే ట్రైనింగులో నేర్చుకొచ్చానని చెప్పుకుంటూ, ఆ పని చేస్తున్న ఒక్క మనిషినీ మానమన్నాను.

ఆ మంగళవారం రెక్క దగ్గర చప్పుడు మారింది. ప్లాస్టిక్ తాడు ఏదో చుట్టుకుంది. మా బావమరిది దాన్ని చేత్తో తీయాలన్నాడు. నేను స్వయంగా వెళ్ళి గోడ మీది మెయిన్ స్విచ్చి కిందికి దించాను. కంప్రెసరూ రెక్కా, మిషన్లన్నీ ఆగాయి, ఆఫీసు లైను వేరే. ఆఫీసు గదిలోకొచ్చి షీటులో రాయబోయాను. ‘మెయిన్ స్విచ్చి’ అని రాయాలి. స్విచ్చిలో రెండు వత్తులు. కాగితం మీదే రానివి, ఫోనులో అసలెక్కడుంటాయో కూడా తెలియదు. కాసేపు చూసి, ఆ మాట వదిలేశాను. ‘మెయిను తీశాను’ అని రాశాను. ఒక్క వత్తు లేదు. చక్కగా ఉంది.

ఇక్కడ మా ఫ్యాక్టరీ భాష గురించి చెప్పాలి. కరెంటు పని వాళ్ళకి మెయిన్ అంటే గోడ మీది స్విచ్చి. కంప్రెసర్ నడిపేవాళ్ళకి మెయిన్ అంటే అమ్మోనియా గొట్టం మీది పెద్ద వాల్వు. ఇక ‘తీయడం’ సంగతి అందరికీ తెలిసిందే. కరెంటు తీశారంటే ఆపారని. తలుపు తీశారంటే తెరిచారని. స్విచ్చి తీస్తే ఆగుతుంది, వాల్వు తీస్తే పారుతుంది. పుట్టినప్పటినుంచి రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే మాట్లాడేటప్పుడు చేత్తో చూపిస్తాం. రాసేటప్పుడు చెయ్యి కనపడదు.

మా ఆపరేటరుది మంగళగిరి. మగ్గం వదిలి కంప్రెసర్ పనిలోకొచ్చి పదిహేనేళ్ళయింది. నెమ్మదైన మనిషి. ఆ సమయంలో వెనక డబ్బాలు లెక్క చూసి వచ్చాడు. కంప్రెసర్ ఆగి ఉంది. అడగొద్దు, వెళ్ళి చూడొద్దు, ఫోను చూడు అన్నాను కదా, ఫోను చూశాడు. ‘మెయిను తీశాను.’ మేనేజరు గారు వాల్వు తెరిచి నడపడానికి సిద్ధం చేశారు, కరెంటు పోయినప్పుడు ఎవరో స్విచ్చి దించి ఉంటారు అనుకున్నాడు. వెళ్ళి స్విచ్చి పైకెత్తి బటన్లు నొక్కాడు. కంప్రెసరుదీ నొక్కాడు, రెక్కదీ నొక్కాడు.

కంప్రెసర్ గుండె అదిరేలా లేచింది. రెక్క తిరగలేదు. దాని ఫ్యూజులు మూడూ బోర్లా పడుకున్నవాడి జేబులో ఉన్నాయి.

నేను పరిగెత్తుకెళ్ళేసరికి మా బావమరిది గట్టు మీద కూర్చొని చేతులు వెనక్కీ ముందుకూ తిప్పి చూసుకుంటున్నాడు. ఉప్పునీళ్ళ చలికి ఎర్రగా అయిపోయాయి. ఆపరేటరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. బావమరిది జేబులోంచి ఒక ఫ్యూజు తీసి నాకు చూపించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇంతవరకూ చెప్పినవి తెలివితక్కువ పనులు. ఇది అది కాదు.

ఆఫీసు గదిలోకొచ్చి ఫోను తీసి, ‘మెయిను తీశాను’ చెరిపేసి, ‘కరెంటు ఆపాను, ఎవరూ వేయకూడదు’ అని రాశాను. అందులోనూ ఒక్క వత్తు లేదు చూడండి. మొదటే తట్టి ఉంటే సరిపోయేది. తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం మాటలు చకచకా వచ్చాయి.

నాలుగింటికి యజమానురాలు వచ్చారు. షీటు చూశారు. ఆపరేటర్ని పిలిచారు. “ఇంత స్పష్టంగా రాసి ఉంటే ఎలా వేశారండీ?”

“నేను చూసినప్పుడు అలా లేదండి.”

“మరెలా ఉంది?”

“మెయిను తీశానని ఉందండి.”

ఆవిడ ఫోను అతని ముందు పెట్టారు. అతను దగ్గరగా చూశాడు, దూరంగా చూశాడు. కళ్ళు నులుముకున్నాడు. తన కళ్ళనే అనుమానిస్తున్నాడని నాకు కనిపిస్తోంది. నేను కిటికీలోంచి లారీ వంక చూస్తున్నాను.

“శనివారం దాకా చేసి మానేయండి. ఒక మనిషి చేతులు పోయేవి” అన్నారావిడ. అతను వాదించలేదు. సరేనండి అని వెళ్ళిపోయాడు. ఆవిడ నావైపు తిరిగి, “బాబాయ్, మీరు రాసిపెట్టబట్టి మన తప్పేం లేదని తేలింది” అన్నారు. అవునమ్మా అన్నాను.

ఆ సాయంత్రం మా ఆవిడకి సంగతి తెలిసింది. తమ్ముడి చేతులు పట్టుకొని చూసి కళ్ళు తుడుచుకుంది. చాలాసేపు ప్రార్థన చేసింది. ప్రార్థనలో నన్ను మేనేజరుగా అక్కడ ఉంచినందుకు కూడా దేవుడికి స్తోత్రం చెప్పింది. మా బావమరిది ఆమెన్ అనకుండా నా వంక చూశాడు. పులుసు మాత్రం రెండుసార్లు పోయించుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆఫీసు అమ్మాయి నా బల్ల దగ్గరకొచ్చింది.

“మేనేజర్ గారూ, ఒక మాటండి. నిన్న పదకొండు నలభైకి మీరు ఆ లైను మార్చారు కదండి.”

“ఎవరు చెప్పారు?”

“షీటే చెప్తుందండి. ముందు ఏముందో, ఎవరు మార్చారో, ఎన్నింటికి మార్చారో అంతా ఉంటుంది.”

“చెరిపేస్తే పోదా?”

“పోదండి. అదేం పలక కాదుగా. ట్రైనింగులో చెప్పలేదా అండి?”

“చెప్పే ఉంటారు.”

“నేనై నేను మేడమ్ గారికి చెప్పనండి. ఆవిడ అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను.”

కాబట్టి నేను వెళ్ళి ఒప్పుకోవడంలో పెద్ద నీతి ఏమీ లేదు. దొరికిపోయానని తెలిశాక ఒప్పుకున్నాను. దొరక్కపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు, అందుకే ఆ అమ్మాయికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

యజమానురాలి గదిలో ఆపరేటర్నీ బావమరిదినీ కూడా పిలిపించమని నేనే అడిగాను. జరిగింది చెప్పాను. మార్చిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు పెన్ను మూత తిప్పుతూ కూర్చున్నారు.

“స్విచ్చి అని ఒక్క మాట రాస్తే ఏమయ్యేది బాబాయ్?”

“రాయడం రాదమ్మా.”

“ఏం రాయడం?”

“వత్తులు.”

పద్దెనిమిదేళ్ళు దాచింది రెండు మాటల్లో అయిపోయింది. భూమి బద్దలవుతుందనుకున్నాను. మా బావమరిది నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

“ఇదేం కొత్త సంగతా బావా. నీ రాతకి వత్తులుండవని మన వీధిలో పాలాయనక్కూడా తెలుసు. ‘రేపు పాలు వదు’ అని పలక మీద రాసి గుమ్మానికి తగిలిస్తివిగా. ‘వద్దు’ అని నోటితో చెప్తే చాలదూ అని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు.”

“మరి నాకెవరూ చెప్పలేదే?”

“సంఘపెద్దవి, ఎవరు చెప్తారు? నేనైతే ఫ్యూజులు జేబులో వేసుకున్నా.”

యజమానురాలు ఆపరేటరు వైపు తిరిగి, మానక్కర్లేదని, తప్పుగా అనుకున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పారు. అతను సంతోషపడతాడనుకున్నాను. అతను నా వంక తిన్నగా చూశాడు.

“నిన్న ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పేశానండి, ఉద్యోగం పోయిందని. ఎందుకు పోయిందంటే నాకు చదవడం సరిగ్గా రాలేదని చెప్పాను. రాత్రంతా మా అమ్మాయి పుస్తకం పెట్టుకొని నాకు చదవడం వచ్చో రాదో చూసుకున్నానండి. మీరొచ్చి ఆవిడతో చెప్పండి.”

చదువు రాని అవమానం ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికన్నా నాకే బాగా తెలుసు. దాన్ని తీసుకెళ్ళి చదువొచ్చినవాడికి అంటగట్టాను.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం బయల్దేరాం. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు మారాం. బస్సులో నేను కిటికీ పక్క, అతను ఆ చివర. కృష్ణా నది వారధి మీద ట్రాఫిక్ ఆగింది. ఎండలో బస్సు నిలబడిపోయింది. ఏదో ఒకటి మాట్లాడాలని, “ఇసక తిన్నెలు బాగా బయటపడ్డాయి” అన్నాను. “అవునండి” అన్నాడు. మంగళగిరి దాకా అంతే.

ఇంట్లో ముందుగదిలోనే మగ్గం. అతని భార్య దాని గుంటలో కాళ్ళు దించి కూర్చొని నేస్తోంది. మమ్మల్ని చూసి లేచింది. కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. నేను చెప్పాను. స్విచ్చి సంగతి, వత్తుల సంగతి, మార్చిన సంగతి. ఆవిడ మగ్గం కర్ర పట్టుకొని అంతా విన్నది.

“ఈయన ఏం రాని మనిషని మీ ఫ్యాక్టరీలో అందరూ అనుకున్నారు కదండి.”

“ఒక రోజు అనుకున్నారమ్మా.”

“రేపు మళ్ళీ ఏదన్నా అయితే మళ్ళీ అనుకుంటారు. నోటిమాట ఎవరికి గుర్తుంటుంది. రాసివ్వండి.”

“మేడమ్ గారు అందరికీ చెప్పారమ్మా.”

“మంచిదండి. మీరు రాసివ్వండి.”

కూతురి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, పెన్నుతో సహా నా ముందు పెట్టింది. ఆ పిల్ల నర్సింగు చదువుతోందట, ఇంట్లో లేదు. నేను కళ్ళజోడు పెట్టుకున్నాను. ఈసారి నిజంగానే మర్చిపోలేదు. చాలా ఆలోచించి, ‘పొరపాటు నాది’ అని రాశాను. వత్తు లేని మాట దొరికినందుకు లోపల ఎక్కడో ఒక మూల సంతోషపడ్డాను కూడా. ఈ జన్మకి నేను మారను.

ఆవిడ వంగి చదివింది. “పొరపాటు మొదటిదండి. తర్వాత మార్చారు కదా. దాన్ని పొరపాటంటారా?”

“అనరు.”

“మరి తప్పని రాయండి.”

పెన్ను పట్టుకొని కూర్చున్నాను. ‘త’ రాశాను. ‘పు’ రాశాను. ఆగిపోయాను. నా కళ్ళజోడు మీదికి చెమట దిగింది. ఆపరేటరు గుమ్మం దగ్గర నిలబడి బయటికి చూస్తున్నాడు. నిన్న నేను లారీ వంక చూసినట్టు కాదు, నేను సిగ్గుపడకుండా ఉండటానికి అటు తిరిగాడు.

ఆవిడ గొంతు తగ్గించి, “పు కింద ప వత్తండి. చిన్న కొక్కెంలా పెట్టండి, కుడిపక్క. తలకట్టుండదు” అంది. పెట్టాను. పెద్దదైపోయి కింది గీత దాటింది. ఫర్వాలేదండి, తెలుస్తోంది అంది.

తర్వాత మిగతాది ఆవిడ చెప్పినట్టే రాశాను. స్విచ్చి కూడా రాశాను, రెండు వత్తులతో. తడుముకుంటూ రాస్తుంటే సగం కాగితం అయ్యేసరికి గంట పట్టింది. సంతకం పెట్టబోతుంటే ఆపింది.

“ఆ టైముకి ఎవరెవరు ఉన్నారో, ఎక్కడున్నారో కూడా రాయండి. రేపు ఎవరూ కాదనకుండా.”

ఆ కాగితం మీద పేర్లతో రాశాను. అది వాళ్ళ బీరువాలో ఉంది. ఇక్కడ పేర్లు వద్దని వరసలు రాస్తున్నాను. మంగళవారం పదకొండు గంటల పది నిమిషాలకు ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళు వీళ్ళు: తొట్టి గట్టు మీద, మూడు ఫ్యూజులు జేబులో పెట్టుకొని, మా బావమరిది. మెయిన్ స్విచ్చి దగ్గర, ఫోనులో ఉన్నది ఉన్నట్టు చదివిన మా ఆపరేటరు. లారీ మీద మంచు పరుస్తున్న ఇద్దరు కూలీలు. లారీ డ్రైవరు, నిద్రపోతున్నాడు. బిల్లు పుస్తకం ముందు మా ఆఫీసు అమ్మాయి. ఆమె పక్క కుర్చీలో, ఫ్యాను కింద, మేనేజరు.